వెలి వేస్తే ఎటు పోతాడు?



మా తమ్ముడి కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఈ మధ్యనే ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నాడు. ప్రమాణం చేసిన రోజు ఫొటోలు వాట్సాప్‌లో పంపించాడు. సూటు వేసుకుని, చేతిలో చిన్న మొక్క పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. అక్కడ చాలాచోట్ల పౌరసత్వం కాగితంతో పాటు ఒక మొక్క కూడా చేతిలో పెడతారట. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. దాని వెనకాలే ఇంకో ఫొటో వచ్చింది. పాత ఇండియా పాస్‌పోర్టు, దాని మీద రద్దయినట్టు ముద్ర. అది చూశాక మా మరదలు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఓ ఆదివారం పొద్దున వాడే ఫోన్ చేశాడు. "పెదనాన్నా, మా ఆఫీసులో ఒకటే వాదన. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాడు టెర్రరిజం కేసులో దోషి అని తేలితే, ఈ దేశం వాడికిచ్చిన పౌరసత్వం వెనక్కి తీసేసుకోవాలా వద్దా అని. నేనైతే తీసేసుకోవాల్సిందే అన్నా. ఇక్కడి కూడు తింటూ ఇక్కడి జనం మీదే బాంబులు వేస్తాడా? నువ్వేమంటావు?"

"ఆలోచించి చెప్తాలేరా" అన్నాను. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ వాడు ఆ మాట అడగ్గానే నా కళ్ల ముందు మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఒక చిన్న ఆదివాసీ గుంపు మెదిలింది. దాని పేరు ఎర్రబోడు. మా వాడికి ఇవ్వాల్సిన జవాబు ఎర్రబోడు మీదుగానే పోవాలనిపించింది. ఆ జవాబునే ఇవాళ మీ అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మన ఊళ్లల్లో చాలామంది "మావాడికి డ్యుయల్ సిటిజన్‌షిప్ వచ్చింది" అంటుంటారు. వచ్చింది ఓసీఐ కార్డు. దాంతో వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు, ఎన్నికల్లో నిలబడడానికి ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికీ ఉండదు. మన దేశంలో రెండు పౌరసత్వాలు అనే మాటే లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మనంతట మనం వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మరుక్షణం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. దానికి నేరం చేయక్కర్లేదు, కోర్టు తీర్పు అక్కర్లేదు. మా వాడి చేతిలోకి మొక్క వచ్చిన నిమిషానే ఈ దేశంతో కాగితం బంధం తెగిపోయింది.

కాబట్టి మా వాడు సమర్థిస్తున్న చట్టం మా వాణ్ణి ముట్టుకోదు. వాడికి ఉన్నది ఒక్క పౌరసత్వమే. అదే వాడి పక్క సీటులో కూర్చునే ఇంగ్లండు కుర్రాడు తన పాత పౌరసత్వం ఉంచుకునే ఆస్ట్రేలియా పౌరుడయ్యాడనుకోండి, వాణ్ణి ముట్టుకుంటుంది. ఇద్దరూ ఒకే నేరం చేసి, ఒకే జడ్జి ముందు నిలబడి, ఒకే శిక్ష అనుభవించి బయటికొచ్చారనుకుందాం. ఒకడు ఇంటికి పోతాడు. ఇంకొకడికి ఇల్లే ఉండదు. నేరంలో తేడా లేదు. వాళ్ల అమ్మానాన్నల దేశాల చట్టాల్లో తేడా ఉంది. ఆ తేడాకి వాళ్లు చేసిందేమీ లేదు.

మన చట్టంలో పదో సెక్షన్ కూడా చూడాలి. ఈ గడ్డ మీద పుట్టుకతోనే పౌరుడైనవాడు ఎంత ఘోరం చేసినా, ఆ సెక్షన్ కింద వాడి పౌరసత్వం తీసేయడానికి దారి లేదు. దరఖాస్తు పెట్టుకుని పౌరుడైనవాడిది మాత్రం కొన్ని కారణాలకు తీసేయొచ్చు. అబద్ధం చెప్పో, అసలు సంగతి దాచిపెట్టో తెచ్చుకుంటే పోతుంది. రాజ్యాంగం పట్ల విధేయత తప్పినా, యుద్ధకాలంలో శత్రువుతో చేతులు కలిపినా పోతుంది. వచ్చిన ఐదేళ్లలోపు ఏ దేశంలోనైనా రెండేళ్ల జైలు పడినా పోవచ్చు. అయితే ఇవన్నీ ఉన్నాసరే, వాడు పౌరుడిగా కొనసాగడం ప్రజాహితం కాదని కేంద్ర ప్రభుత్వానికి నమ్మకం కుదిరితేనే తీసేయాలని ఒక అడ్డుకట్ట కూడా పెట్టారు.

ఈ పదో సెక్షన్ మీద మన తెలంగాణలోనే ఒక పెద్ద కేసు నడిచింది. వేములవాడ ఎమ్మెల్యేగా చేసిన చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. తిరిగొచ్చి 2008లో మన పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే 2009 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది వేములవాడలో గెలిచారు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలూ ఈ దేశంలోనే ఉండాలన్నది షరతు. ఆ షరతు నెరవేరలేదని, ఆ సంగతి దాచారని ఎన్నికల్లో ఓడిన ఆది శ్రీనివాస్ ఫిర్యాదు చేశారు. 2017లో కేంద్ర హోంశాఖ పౌరసత్వం రద్దు చేసింది. 2019 జులైలో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, ప్రజాహితం అనే అంశాన్ని కూడా చూసి మళ్లీ నిర్ణయించమంది. అదే ఏడాది నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబరు 9న హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది. ఫిర్యాదు మొదలైన నాటి నుంచి లెక్కేస్తే పదిహేనేళ్లు.

ఆ తీర్పు సరైందనే నా అభిప్రాయం. ఇంటి జాగా పట్టా తప్పుడు కాగితంతో తెచ్చుకుంటే తాసీల్దారు దాన్ని రద్దు చేస్తాడు. అది శిక్ష కాదు, లెక్క సరిచేయడం. మొదట్లోనే రాకూడనిది వచ్చింది కాబట్టి పోయింది. పైగా ఒక మనిషి పౌరసత్వం తీసేయడానికి రెండుసార్లు ఆలోచించమని కోర్టు అన్నది చూశారా, అది నాకు ఇంకా నచ్చింది. ఆలస్యం అయితే అయింది.

మా వాడు అడిగింది దాని గురించి కాదు. వాడు అడిగింది నెత్తురు గురించి.

2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఇంకోటి, సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు. మన ఖమ్మం, కొత్తగూడెం, మణుగూరు పిల్లలకు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కోచింగులకు పోయేది అక్కడికే, హాస్టళ్లలో ఉండేది అక్కడే, సాయంత్రం బజ్జీలు తినేదీ ఆ రోడ్డు మీదే. మా బడిలో చదివిన పిల్లలు అప్పట్లో ఏడెనిమిది మంది అక్కడే ఉన్నారు. ఆ రాత్రి ఫోన్లు కలవక మా కాలనీలో ఒక తల్లి రోడ్డు మీదే కూలబడిపోయింది. ఆమె కొడుకు క్షేమంగానే ఉన్నాడని పన్నెండు దాటాక తెలిసింది. అప్పటిదాకా ఆమె పక్కన కూర్చున్నవాణ్ణి నేను. బాంబు పెట్టినవాడి మీద జాలి చూపించమని ఎవరైనా అంటే, ఆ రాత్రి గుర్తున్నవాడిగా నేను ఒప్పుకోను.

2016 డిసెంబరులో ఎన్‌ఐఏ కోర్టు ఆ కేసులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ ఐదుగురిలో నలుగురు మన దేశస్తులు, ఒకడు పాకిస్తాన్ వాడు. వీళ్ల పాస్‌పోర్టులు వేరువేరు. కోర్టు చూసింది ఎవడేం చేశాడన్నది. ఐదుగురికీ ఒకే శిక్ష పడింది. నా మనసు అక్కడే కుదుటపడింది. చేసినదానికి శిక్ష, చేసినవాడికి శిక్ష, సాక్ష్యం విని జడ్జి వేసే శిక్ష. దాని పైన ఇంకో శిక్ష, అదీ ఒక మంత్రి సంతకంతో, ఎందుకు?

ఈ ప్రశ్న ఆస్ట్రేలియా పెద్ద కోర్టుకే వచ్చింది. అబ్దుల్ నాసర్ బెన్‌బ్రికా అనే అతను అల్జీరియా నుంచి వచ్చి ఆస్ట్రేలియా పౌరుడయ్యాడు. మా వాడుండే మెల్‌బోర్న్‌లోనే ఉగ్రవాద ముఠా నడిపాడని రుజువై పదిహేనేళ్ల శిక్ష పడింది. 2020లో శిక్ష అయిపోయే వేళకు మంత్రి అతని పౌరసత్వం తీసేశాడు. 2023 నవంబరు 1న అక్కడి హైకోర్టు, మనకు సుప్రీంకోర్టు లాంటిది, ఆ చట్టం చెల్లదంది. పౌరసత్వం తీసేయడమంటే శిక్షించడమే, శిక్షించడం కోర్టుల పని, మంత్రులది కాదంది. అదే ఏడాది డిసెంబరులో వాళ్ల పార్లమెంటు ఇంకో చట్టం చేసి, ఆ అధికారం జడ్జికి ఇచ్చింది. శిక్ష మూడేళ్లు లేదా అంతకు మించి ఉంటే జడ్జి పౌరసత్వం కూడా తీసేయొచ్చు. అప్పుడూ ఇప్పుడూ ఒకటే షరతు: రెండు పౌరసత్వాలు ఉన్నవాడికే.

మంత్రి నుంచి జడ్జి చేతికి రావడం మంచి మార్పే. కానీ అసలు లోపం అట్లాగే ఉంది. కెనడా కూడా 2014లో ఇలాంటి చట్టమే తెచ్చింది. దాని కింద టొరంటోలో బాంబుల కుట్ర చేసి జైల్లో ఉన్న జకారియా అమారా పౌరసత్వం పోయింది. 2017లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్నే ఎత్తేస్తే పౌరసత్వం తిరిగొచ్చింది. శిక్ష మాత్రం పోలేదు. అప్పటికీ జైల్లోనే ఉన్నాడు. దేనికి ఏది సరిపోతుందో ఆ దేశం తేల్చుకుందనిపించింది నాకు.

బ్రిటన్ సంగతి వేరు. షమీమా బేగం అక్కడే పుట్టింది. పదిహేనేళ్ల వయసులో, 2015లో, ఇద్దరు స్నేహితురాళ్లతో లండన్ నుంచి సిరియా పోయి ఐసిస్‌లో చేరింది. 2019లో శరణార్థి శిబిరంలో దొరికింది. అప్పుడు బ్రిటన్ ఆమె పౌరసత్వం తీసేసింది. ఏ కోర్టూ ఆమెను దోషి అని చెప్పలేదు, విచారణే జరగలేదు. తల్లిదండ్రుల మూలాలు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి కాబట్టి ఆ దేశం చూసుకుంటుందన్నది బ్రిటన్ లెక్క. ఆమె మా మనిషే కాదు, మేం రానివ్వం అంది బంగ్లాదేశ్. ఆమె ఆ దేశంలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. 2024లో బ్రిటన్ కోర్టుల్లో ఆమెకు చివరి తలుపు కూడా మూసుకుపోయింది. ఆమె సిరియాలో, శిబిరం డేరాలోనే ఉండిపోయింది. తప్పు చేసిందా? చేసిందనే అనుకుందాం. లండన్ బడిలో చదివిన పిల్ల లండన్ కోర్టులో నిలబడి జవాబు చెప్పాలి కదా. ఆ భారాన్ని యుద్ధంలో చితికిపోయిన సిరియా నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

ఇక్కడే మనకు తగిలే మాట ఒకటుంది. ముంబయి దాడుల కేసులో తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో అమెరికా మనకు అప్పగించింది. పుట్టింది పాకిస్తాన్, పౌరసత్వం కెనడా, దొరికింది అమెరికాలో. చట్టం ఉన్న చోట, జైలు ఉన్న చోట చేతికి చిక్కి ఉన్నాడు కాబట్టి పదహారేళ్ల తర్వాతైనా ఢిల్లీ తీసుకురాగలిగాం. ఎప్పుడో పౌరసత్వం పీకేసి పాకిస్తాన్ విమానం ఎక్కించి ఉంటే? ఉగ్రవాదిని దేశం దాటించడమంటే వాణ్ణి మన చేతుల్లోంచి వదిలేయడమే. బాధితుల తరఫు నుంచి చూసినా అది నష్టమే.

మన పెద్దలకు దీని పేరు తెలుసు. వెలి. ఊళ్లో ఎవడైనా తప్పు చేస్తే కులపెద్దలు కూర్చుని వెలి వేసేవాళ్లు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, చాకలి మంగలి రాకుండా కట్టడి చేస్తారు, ఊరి బావి తాడు ముట్టుకోనివ్వరు. వెలి పడినవాడు మూటాముల్లే నెత్తిన పెట్టుకుని పక్క ఊరి పొలిమేర దాకా పోతాడు. పక్క ఊరోళ్లు, 'మీ ఊళ్లో వద్దన్నవాణ్ణి మా ఊళ్లో ఎందుకు ఉండనిస్తాం' అంటారు. తప్పు తీరదు, చోటు మారుతుంది. 2018 జులైలో హైదరాబాద్ పోలీసులు రెండు రోజుల తేడాతో సినీ విమర్శకుడు కత్తి మహేశ్‌నూ, స్వామి పరిపూర్ణానందనూ ఆరు నెలలు నగర బహిష్కరణ చేసి, ఒకరిని చిత్తూరు వైపు, ఇంకొకరిని కాకినాడ వైపు పంపారు. వాళ్ల మాటల్లో ఎవరిది తప్పో ఇప్పుడు తవ్వను. హైదరాబాద్‌లో శాంతికి భంగమైన మనిషి కాకినాడలో ఎట్లా కాడన్నదే నా సందేహం.

ఇప్పుడు ఎర్రబోడు దగ్గరికి వస్తాను.

చంద్రుగొండ మండలం, బెండాలపాడు అడవి. 2022 నవంబరు 22న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు అక్కడి ప్లాంటేషన్ దగ్గరికి డ్యూటీ మీద పోయారు. పోడు గొడవ అప్పటికే రగులుతోంది. ఎర్రబోడు గుంపు వాళ్లు ఆయన మీద కత్తులతో దాడి చేశారు. ఆయన చనిపోయారు. ఖమ్మం పక్కన ఈర్లపూడి ఆయన సొంతూరు. డ్యూటీలో ఉన్న ఉద్యోగిని నరికి చంపడం ఏ విధంగా చూసినా ఘోరమే. ఆ నాలుగైదు రోజులు జిల్లా అంతా కుతకుతలాడింది.

ఎర్రబోడులో ఉండేది గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ అడవుల్లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం, ఇటు అన్నలు, మధ్యలో పోలీసులు, ఊళ్లు తగలబడుతుంటే గోదావరి వైపు పారిపోయి వచ్చిన మనుషులు. ఆ జుడుంలో పెట్టిన స్పెషల్ పోలీసుల వ్యవస్థ రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే వేలాది కుటుంబాలు చర్ల, దుమ్ముగూడెం, పినపాక, మణుగూరు అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి.

హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ ఒక తీర్మానం చేసింది. ఎర్రబోడు గుత్తికోయల్ని ఊరి నుంచి బహిష్కరించి, ఛత్తీస్‌గఢ్ పంపించేయాలని. చంపింది ఇద్దరు. వెలి పడింది మొత్తం గుంపుకి. పాలు తాగే పిల్లలకి కూడా.

కోర్టు ఏం చేసిందో చూడండి. తొమ్మిది నెలల్లోపే, 2023 ఆగస్టులో, కొత్తగూడెం కోర్టు ఇద్దరికి జీవితఖైదు వేసింది. ఎవడు కత్తి ఎత్తాడో వాడికే. ఒక పక్క సాక్ష్యం చూసి వేసిన శిక్ష, ఇంకో పక్క కోపంతో చేసిన వెలి, మన జిల్లాలోనే, ఒకే కేసులో. ఊరివాళ్ల కోపం నాకు అర్థం కాకపోలేదు. తమకు తెలిసిన ఆఫీసరు పోయాడు, రేపు ఎవరి వంతో అన్న భయం ఉంది. అయినా రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణం ఈ దేశంలో ఎక్కడికైనా పోవడానికి, ఎక్కడైనా ఉండడానికి ప్రతి పౌరుడికీ హక్కు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ పరాయి దేశం కాదు. వెలి అనే ఆయుధం ఒకసారి చేతికొస్తే దోషి దగ్గర ఆగదు, వాడి పోలికలున్న వాళ్లందరి మీదికీ పోతుంది. ఆస్ట్రేలియా చట్టంలో నాకు భయం కలిగించేది ఇదే. ఇవాళ దోషి అని తేలినవాడు. రేపు కేసు పడినవాడు. ఎల్లుండి వాడి పేరులాంటి పేరున్నవాడు.

రేపటి మాట ఎందుకు, మన దగ్గరే 2025 ఆగస్టులో ఓసీఐ కార్డుల మీద కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడితే కార్డు రద్దు చేయొచ్చు. అంతవరకు సరే అనుకుందాం. ఏడేళ్లు ఆపైన శిక్ష పడగల నేరంలో చార్జిషీటు దాఖలైనా రద్దు చేయొచ్చు. చార్జిషీటంటే పోలీసుల మాట, ఇంకా జడ్జి వినని మాట. మా వాడి జేబులో ఉన్నదీ ఆ కార్డే. వాడికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

మా మణుగూరు నుంచి కరకగూడెం దారిలో కొంత దూరం పోయి, రోడ్డు దిగి వాగు దాటితే ఎర్రబోడు లాంటిదే ఇంకో గుత్తికోయల గుంపు ఉంది. పేరు చెప్పను. రిటైరయ్యాక నేనూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ నెలకో ఆదివారం అక్కడికి పోయి దరఖాస్తులు రాసిపెడుతుంటాం. బొగ్గు లారీల దుమ్ము అక్కడి దాకా రాదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేస్తే మాత్రం పళ్లాలు గలగలమంటాయి.

మొన్న పోయినప్పుడు ఒక ఆడమనిషి గుడిసె కప్పు గడ్డిలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు లాగింది. దానికి మూడు ముళ్లు. విప్పితే లోపల ఇంకో కవరు. అందులో ఆధార్ కార్డులు, ఒక ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబుకార్డు, పిల్లాడి టీకాల కార్డు. అడుగున హిందీలో ఉన్న పాత రేషన్ కార్డు, నాలుగు మడతల దగ్గరా చిరిగి, వెనక అన్నం మెతుకులతో అతికించి ఉంది. భర్త కార్డులో ఇంటిపేరు ఒక తీరుగా, ఆమె కార్డులో ఇంకో తీరుగా పడింది. ఆమె ఒక్కో కార్డూ గోనెపట్టా మీద పరిచి, గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో ఇప్పగింజ పెట్టింది.

పిల్లాడికి ఏడేళ్లు. ఇక్కడే పుట్టాడు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు. మన తెలంగాణ ఎస్టీ జాబితాలో గుత్తికోయ అన్న పేరు లేదు. ఈ జాబితాలు రాష్ట్రానికొకటి. రాష్ట్రం దాటగానే ఆదివాసీ అన్న గుర్తింపే చిక్కులో పడుతుంది. అటవీ హక్కుల చట్టంలో పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఆ భూమి సాగులో ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లే. 2004 డిసెంబరు తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరసత్వం తల్లిదండ్రుల పౌరసత్వం మీద ఆధారపడుతుంది. అంటే ఆ పిల్లాడి రేపటి బతుకంతా ఆ కవర్లో, మెతుకులతో అతికించిన ఆ కాగితంలో ఉంది.

పక్కన నిలబడ్డ కుర్రాడొకడు అడిగాడు. "సారూ, మమ్మల్ని మళ్లా అటే పంపిస్తరంట గదా?"

"ఎవరన్నారు?"

"సంతల అనుకుంటున్రు."

వాడు ఏ నేరమూ చేయలేదు. ఇక్కడి కూలి పనుల్లో పెరిగాడు, మిరపకాయలు కోసి బతుకుతున్నాడు. వాడి పౌరసత్వం ఎవరూ రద్దు చేయలేదు కూడా. అయినా సంతలో ఒక మాట వినపడితే చాలు, వాడి గుండెలో దడ. పుట్టుకతో పౌరుడైనవాడి బతుకే ఇంత సన్నని దారం మీద వేలాడుతుంటే, పౌరసత్వం తీసేయడాన్ని శిక్షల్లో ఒక శిక్షగా చేర్చుకుందామన్న మాట నాకు మింగుడుపడదు.

మణుగూరు అసలే వలసల ఊరు. కోయవాళ్లను పక్కన పెడితే ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు ఎంతమంది? మా నాన్న కొత్తగూడెం గనుల నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చాడు. భారజల కర్మాగారానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మనం బొగ్గు కోసం వచ్చాం, గుత్తికోయలు ప్రాణం కోసం వచ్చారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ అడవి మనకు వెలికి ఎదురు మాట కూడా నేర్పింది. మావోయిస్టు పార్టీని 2009 జూన్‌లో కేంద్రం ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టింది. చట్టం దృష్టిలో అందులో చేరినవాడు ఉగ్రవాదే. మరి ప్రభుత్వం వాళ్లతో ఏమంటోంది? రండి, లొంగిపోండి, కేసులుంటే చట్టప్రకారం చూద్దాం, ఇల్లు కట్టుకోండి, పిల్లల్ని చదివించుకోండి అంటోంది. 2025 ఏప్రిల్‌లో మన జిల్లా పోలీసుల ముందు ఒకే రోజు 86 మంది లొంగిపోయారు. ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్ వైపు వాళ్లే. అక్కడికక్కడ తలా 25 వేలు ఇచ్చారు. మీరు ఆ రాష్ట్రం వాళ్లు, మాకేం పట్టింది అనలేదు. అదే ఏడాది అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా లొంగిపోతే, వాళ్ల చేతుల్లో రాజ్యాంగం ప్రతులు పెట్టారు. ఒక్కో గులాబీ పువ్వు కూడా ఇచ్చారు.

ఆ లొంగుబాటు ఫొటో చూసినప్పుడు మా వాడి చేతిలో ఉన్న మొక్క గుర్తొచ్చింది. ఈ దేశంతో యుద్ధం చేసినవాళ్లకు కూడా ఈ దేశం నువ్వు మా మనిషివే అంది. వాళ్లు చంపిన కానిస్టేబుళ్ల ఇళ్లల్లో ఆ ఫొటో ఎంత నొప్పి పెట్టి ఉంటుందో నాకు తెలుసు. లొంగిపోయినంత మాత్రాన హత్య కేసు మాఫీ కాకూడదు, ఎవరు చేసిన పనికి వాళ్లు కోర్టులో జవాబు చెప్పాలి. కానీ మా దేశపు మనిషివి కాబట్టే మా కోర్టులో నిలబడు అనడంలో ఒక బలం ఉంది. ఆ బలం దేశం దాటించడంలో లేదు.

నిన్న రాత్రి మా వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "మరి బాంబు పెట్టినోణ్ణి ఏం చేయమంటావు పెదనాన్నా?" అన్నాడు.

"మీ జైల్లోనే పెట్టమంటాను. ఎన్నేళ్లు తగుననిపిస్తే అన్నేళ్లు. బయటికొచ్చాక కూడా మీ పోలీసులే కనిపెట్టుకుని ఉండమంటాను. మీ దగ్గర పెరిగినవాడురా వాడు" అన్నాను.

ఒప్పుకున్నాడని చెప్పను. "ఆ వాగు అవతలి గుంపు మ్యాపులో కనిపిస్తుందా?" అని అడిగాడు. వెతికాం ఇద్దరం. మ్యాపులో పచ్చగా అడవి తప్ప ఏమీ లేదు. ఆ పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్ కోసం సోమవారం ఆర్డీవో ఆఫీసుకు పోవాలి. ఆలస్యంగా నమోదు చేయించాలి కాబట్టి అఫిడవిట్ కావాలన్నారు, అది రాసిపెట్టాను. వాళ్లమ్మ పొద్దున ఏడింటికే మణుగూరు బస్టాండులో ఉంటానంది, ఆ కవరు తీసుకుని.